లావు అక్షరాల లోపలి ఖాళీ

ఇంగ్లిష్ అక్షరాల్లో నాకు స్లాబ్ సెరిఫ్ అంటే పక్షపాతం. సెరిఫ్ అంటే అక్షరం కాళ్ల కింద, చేతుల చివర ఉండే పట్టీ. పుస్తకాల్లో వాడే ఫాంట్లలో అది సన్నగా, మొహమాటంగా ఉంటుంది. స్లాబ్‌లో కాలెంత లావో పట్టీ కూడా ఇంచుమించు అంతే లావు.

ఇది గోడల కోసం పుట్టిన అక్షరం. 19వ శతాబ్దం మొదట్లో లండన్ గోడలన్నీ లాటరీలు, నాటకాల ప్రకటనలతో నిండిపోయాయి. పక్క కాగితాన్ని మించి కనబడాలంటే అక్షరం లావెక్కాల్సిందే. అచ్చక్షరాలు పోతపోసే విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815 అని తేదీ వేసిన తన నమూనా పుస్తకంలో ‘యాంటీక్’ పేరుతో ఈ తరహా పెద్దక్షరాలు చూపించాడు. నెపోలియన్ దండయాత్ర తర్వాత ఈజిప్టు మోజు నడుస్తోంది కాబట్టి కొందరు వీటిని ‘ఈజిప్షియన్’ అన్నారు. పిరమిడ్లకూ వీటికీ ఏ చుట్టరికమూ లేదు! 1845లో రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ అనే స్లాబ్ అక్షరానికి చట్టరీత్యా మూడేళ్ల రక్షణ దొరికింది. ఆ గడువు తీరగానే తోటి అచ్చక్షరాల ఫౌండ్రీలు ఎగబడి కాపీ కొట్టాయి.

సీసంతో మరీ పెద్ద అక్షరాలు పోస్తే బరువు, ఖర్చు. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో రౌటర్ యంత్రంతో కొయ్య అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. అమెరికా పోస్టర్లకు ఇక పట్టపగ్గాల్లేవు.

లావు అక్షరం గీయడం మొరటు పని అనుకుంటారు. ఒక్కసారి పెద్ద E గీసి చూడండి. నిలువు గీత ఎంత మందమో మూడు అడ్డగీతలూ అంతే మందం పెడితే మధ్య తెల్లటి చోటు మూసుకుపోతుంది. అందుకే అడ్డగీతలను కొంచెం చిక్కిస్తారు, నడిమిదాన్ని పొట్టి చేస్తారు. చిన్న m ఇంకా పేచీకోరు. మూడు కాళ్లు, మూడు పట్టీలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కాళ్లు సన్నబరచాలి, పట్టీలు కత్తిరించాలి. ఇన్ని చేసినా చూసేవాడికి అన్నీ ఒకే మందంలో ఉన్నట్టే అనిపించాలి.

బోల్డ్ ఫాంట్ లేదని మామూలు అక్షరం చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) వేసి ఉబ్బించేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది ఇందుకే. స్ట్రోక్ బయటికీ లోపలికీ ఒకేలా పెరుగుతుంది. ముందు పోయేది లోపలి తెలుపే.

వాడకంలో నా పట్టుదల ఒకటే: రెండు మూడు మాటలకు మించి వద్దు. పేరా మొత్తం లావు స్లాబ్‌లో పెడితే పాఠకుడి మీద అరిచినట్టుంటుంది.

ఇంగ్లిష్ శీర్షికకు జోడీగా తెలుగు అక్షరాలకూ పట్టీలు తగిలించమని అడిగేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. మన అక్షరం బరువంతా గుండ్రటి ఒంపుల్లో ఉంది, పైన తలకట్టు ఎలాగూ ఉంది. రామభద్ర లాంటి బరువైన తెలుగు ఫాంట్ పక్కన పెడితే స్లాబ్‌కు సరిజోడు. కాకపోతే మన చిక్కు కిందికి దిగుతుంది. ‘స్త్రీ’ అన్న మాటను బాగా లావుగా పెట్టండి: త, ర రెండు ఒత్తులూ ఇరుకులో పడి నల్లటి ముద్దవుతాయి, కింది లైను గుడులను తాకుతాయి. రెండు లైన్ల తెలుగు శీర్షికకు ఇంగ్లిష్ కంటే ఎక్కువ చోటు అడుగుతాను. సబ్ ఎడిటర్ కుదరదంటే, శీర్షికలో ఒక మాట తీసేయమంటాను.