తలెత్తి చూసే మనిషి

ఈ వారం హాలియా దగ్గర, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాల్లో కంటబడిన ఒక సంగతి ఈ కాలమ్‌కు ఎంతో సంతోషం కలిగించింది. గట్టు మీద నిలబడి డ్రోన్‌తో మందు కొడుతున్న యువకుడు ఉన్నట్టుండి పని ఆపి, డ్రోన్‌ను మడి పక్కన దించేశాడు. తక్కువ ఎత్తులో వచ్చిన చిన్న విమానం కనుమరుగయ్యాకే మళ్లీ లేపాడు. ఆపమని ఏ కంట్రోల్ టవరూ అతనికి చెప్పలేదు.

టవర్ నియంత్రణ లేని ఇలాంటి గగనతలంలో కంట్రోలర్ ఉండడు, నియమాలు మాత్రం ఉంటాయి. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. రోడ్డు మీద ఎడమకు తప్పుకునే మనకు వింతగా ఉన్నా, ప్రపంచమంతా పాటించే పద్ధతి ఇదే. దారులు కలిసేచోట కుడివైపు ఉన్న విమానానికి దారి వదలాలి. ఇంజిన్ విమానం గ్లైడర్‌కు, గ్లైడర్ బెలూన్‌కు తప్పుకోవాలి. 3,000 అడుగుల లోపు కంటిచూపుతో ఎగిరేటప్పుడు నేల కనబడుతుండాలి, మబ్బులోకి పోకూడదు.

సాగర్ చుట్టుపక్కల వాళ్లకు చిన్న విమానాలు కొత్త కాదు. కృష్ణకు అవతల, విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2022 ఫిబ్రవరి 26న అక్కడి నుంచి ఒంటరిగా బయల్దేరిన శిక్షణ విద్యార్థిని నడుపుతున్న సెస్నా 152 విమానం పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలింది. ఆమె బతకలేదు.

మన పొలాల మీది ఆకాశం ఖాళీగా లేదని ఆ రోజు గట్టిగా తెలిసింది.

జనం తలల మీద తిరిగే యంత్రానికి జవాబుదారీతనం ఉండాలన్నది ఈ కాలమ్ పాత పట్టుదల. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం గగనతల మ్యాపులో ఆకుపచ్చగా చూపిన జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరడానికి అనుమతి అక్కర్లేదు. 400 అడుగులంటే 124 మీటర్ల సాగర్ ఆనకట్టకు కాస్త తక్కువ. అంత మేర వదిలేయడమేమిటి, ఎగరేసిన ప్రతిసారీ అనుమతి తీసుకోవాలని పెట్టాల్సిందే అనిపిస్తుంది.

కానీ వరిని పట్టే సుడిదోమ అనుమతి కాగితం వచ్చేదాకా ఆగదు. హాలియాలో డ్రోన్ దిగింది కూడా కాగితం వల్ల కాదు. యువకుడి కళ్లు స్ప్రే అంచు మీద ఉన్నాయి, చెవుల నిండా డ్రోన్ రొద. ముందుగా తలెత్తి చూసి చేయి ఊపింది బకెట్‌లో మందు కలుపుతున్న కుర్రాడు. మనుషులున్న విమానానికి డ్రోన్ దారి వదలాలన్న నియమం ఆ రెండో జత కళ్ల వల్లే అమలైంది. అనుమతులు పెంచనక్కర్లేదు, చూసే మనిషి ఉండాలి.

డ్రోన్ మాట్లాడుకునే రైతులు ఎకరానికి రేటు అడిగే ముందు రెండు సంగతులు అడగండి: రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా? ఆకాశం చూడటానికి ఇంకో మనిషి వస్తున్నాడా? ఆ మనిషి కూలి కూడా లెక్కలో వేసుకోండి.