శకుంతల పేరుకు ముందున్న మాట

తెలంగాణ శకుంతల అనగానే మనకు ముందు గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాతే మొహం గుర్తొస్తుంది. ఆ గొంతుకు తెలుగు సినిమాలో చాలా గిరాకీ ఉండేది. నా పేచీ ఆ గిరాకీతోనే.

ఆవిడ అసలు పేరు కడియాల శకుంతల. 1951లో మహారాష్ట్రలో పుట్టారు, ఇంటి భాష మరాఠీ. అంటే మనం అచ్చ తెలంగాణ అని మురిసిపోయిన ఆ యాస ఆవిడ కష్టపడి నేర్చుకున్నది, నాటకాల్లో సానబెట్టుకున్నది. పుట్టుకతో రాని భాషలో నవ్వించడమే కష్టం, ఇక తిట్టడం, శాపనార్థాలు పెట్టడం చెప్పనే అక్కర్లేదు. (కోడు రాసుకు బతికే నేను ఇన్నేళ్ళ దోహా కాపురంలో అరబ్బీతో కూరల బేరం దాటలేదు.)

గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1980)తో ఆవిడ సినిమాల్లోకి వచ్చారు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి. నరసింగరావు నిర్మించిన చిత్రం అది. అందులో యాస నవ్వించడానికో, భయపెట్టడానికో పెట్టింది కాదు. ఊరంతా అట్లాగే మాట్లాడుతుంది కనుక కాసేపటికి యాసను మరిచిపోయి మనుషుల్ని చూస్తాం. వేదిక మీద పెరిగిన నటికి అంతకన్నా ఏం కావాలి?

తర్వాత వచ్చినవి ‘ఒసేయ్ రాములమ్మా’ (1997), ‘నువ్వు నేను’ (2001) వగైరా. పేరొచ్చింది, డబ్బూ వచ్చే ఉంటుంది, కాదనను. కానీ చివరి వరసకు వినబడేలా నాటకం నేర్పిన గొంతును సినిమా ఉత్త కేకగా వాడుకుంది. ‘ఒక్కడు’ (2003)లో కర్నూలు ఓబుల్‌రెడ్డికి తల్లి వేషం కూడా ఆవిడకే. పేరులో తెలంగాణ, వేషం సీమది! కోస్తాది కాని మాటంతా మన దర్శకులకు ఒక్కటిగానే వినబడేదేమో.

మదీనత్ ఖలీఫాలో మా పై వాటాలో ఉండే తమిళ మిత్రుడికి ఆవిడ ‘స్వర్ణక్క’గా తప్ప తెలియదు. ‘ఒక్కడు’ విడుదలైన 2003 జనవరిలోనే ధరణి దర్శకత్వంలో ‘ధూళ్’ వచ్చింది. విక్రమ్‌కు ఎదురుగా ఆవిడే ప్రతినాయిక. అక్కడి ప్రేక్షకుడికి మన యాసతో పనిలేదు. చూపుతోనూ, నిలబడే తీరుతోనూ భయపెట్టాలి. భయపెట్టారు. ఆవిడ దుష్టపాత్రల్లో నా ఓటు దానికే.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆవిడ జూన్ 14న హైదరాబాదులో గుండెపోటుతో పోయారు. మూడేళ్ళకు ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి ఆ యాసలోనే ప్రేమకథంతా నడిపింది. ఆమెకూ తెలుగు ఇంటి భాష కాదు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మేనత్త వేషంలో శకుంతల గారిని ఊహించుకుంటాను, అరవకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే భానుమతికి చీవాట్లు పెడుతున్నట్టు.