కోడ్ చెప్పేది సగమే

ఆటోనగర్ షెడ్లలో కొందరు పాత మెకానిక్కులు బానెట్ తెరవకముందే బండి వెనక్కి వెళ్తారు. ఇంజన్‌ని స్లోలో ఉంచి సైలెన్సర్ గొట్టం ముందు అరచెయ్యి పెడతారు. సిలిండర్లన్నీ సరిగ్గా పలుకుతుంటే గాలి చేతికి ఒకే లయలో తగులుతుంది. ఒకటి పలకకపోతే మధ్యమధ్యలో తాళం తప్పుతుంది. స్కానర్ తగిలించేది ఆ తర్వాతే. ఏడుగురు కూర్చునే పెట్రోల్ ఎస్‌యూవీకైనా, అంబాసిడర్‌కైనా ఈ తొలి పరీక్షలో తేడా లేదు.

మన షెడ్లలో దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. సిలిండర్‌లో చేరిన గాలి, పెట్రోల్ మిశ్రమం అంటుకోవాల్సిన క్షణంలో అంటుకోకపోవడం అన్నమాట. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఆ నిమిషంలో 1,600 సార్లు మంట రాజుకోవాలి. నలుగురు బోయీల్లో ఒకడి అడుగు తడబడితే పల్లకీ ఎలా ఊగుతుందో, ఒక సిలిండర్ పని ఎగ్గొడితే బండి అలా ఊగుతుంది. స్టీరింగ్ వణుకుతుంది, పికప్ పడిపోతుంది, పెట్రోల్ వాసన వస్తుంది.

మంచి మెకానిక్ మొదట అడిగేది “ఎప్పుడు కొడుతోంది?” అని. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీదా, వేడెక్కాకా? ఖాళీ బండిలోనా, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏసీ వేసి ఘాట్ ఎక్కేటప్పుడా? ఇవి కాలక్షేపం ప్రశ్నలు కావు. లోడు పడ్డప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల మధ్య నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీ ఇచ్చే కాయిల్ నీరసిస్తే స్లోలో ఎలాగో నెట్టుకొస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చేతులెత్తేస్తుంది. సీఎన్‌జీ కిట్ ఉన్న బండి పెట్రోల్ మీద బాగా నడిచి గ్యాస్ మీదే మిస్సవుతుంటే అనుమానం ముందుగా కాయిల్ వైపే పోతుంది, గ్యాస్‌ని అంటించడానికి ఇంకా గట్టి రవ్వ కావాలి మరి. వాటర్ వాష్ మర్నాడే మొదలైందా? అయితే ప్లగ్గు గుంటల్లో నీళ్ళు చూడాలి. బండి వారాల తరబడి కదలకుండా ఉందా? ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి.

ఇక ఇంజన్ లైటు. అది నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు చేరొచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తీసి, బండి పక్కకు ఆపడమే మంచిది. కాలని పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి కాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ దిమ్మ కరిగిపోవచ్చు. దాని పూతలో ప్లాటినం, పలాడియం, రోడియం లాంటి లోహాలుంటాయి కాబట్టి దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు చిల్లర.

స్కానర్ పీ0300 చూపిస్తే మిస్సింగ్ ఒకచోట నిలవడం లేదని అర్థం. పీ0303 అంటే మూడో సిలిండర్. కంప్యూటర్ మంటను నేరుగా చూడదు. క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగాన్ని పళ్ళచక్రం దగ్గరి సెన్సర్‌తో కొలుస్తూ, ఏ సిలిండర్ వంతులో వేగం తగ్గిందో పట్టుకుంటుంది. అందుకే గతుకుల రోడ్డు మీద అది పొరపడే అవకాశమూ ఉంది. ఏ సిలిండరో చెబుతుంది గానీ, ఎందుకో చెప్పదు. కోడ్ చూడగానే కాయిళ్ళ సెట్టు, ప్లగ్గుల సెట్టు, ఇంజెక్టర్ ఒకేసారి రాసిచ్చేవాణ్ణి మెకానిక్ అనడం నాకిష్టం లేదు. అతను స్పేర్ పార్టుల షాపుకి గుమాస్తా.

అసలు విద్య పైసా ఖర్చులేని మార్పిడిలో ఉంది. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దాని మీద, ఒకటోది మూడో దాని మీద పెట్టి, కోడ్ చెరిపి, బండి నడపాలి. ఇప్పుడు పీ0301 వస్తే దోషం కాయిల్‌తో పాటే నడిచి వెళ్ళింది, ఒక్క కాయిల్ కొంటే చాలు. మళ్ళీ పీ0303 వస్తే కాయిల్ నిర్దోషి, తర్వాతి వంతు ప్లగ్గుది. వెనకటి బండ్లలో ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసేవాళ్ళు. ఏది పీకినప్పుడు ఇంజన్ చప్పుడు మారలేదో దొంగ అదే. ఇప్పటి బండ్లలో ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకి లాగితే ప్రాణానికీ ఎలక్ట్రానిక్సుకీ ప్రమాదం. పద్ధతి మారింది గానీ, ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడాలన్న బుద్ధి అదే.

విప్పిన ప్లగ్గుని వెలుతురులో పెట్టి చూడాలి. మొన లేత గోధుమరంగులో ఉంటే మంట సవ్యంగా ఉంది. పొడి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తెల్లగా మాడిపోతే గాలి ఎక్కువై ఉండొచ్చు, ఇన్‌టేక్ గొట్టాల్లో ఎక్కడో లీకు వెతకాలి. పింగాణీ మీద సన్నటి నల్లగీత కనిపిస్తే కరెంటు మొన దాకా పోకుండా పక్కదారిలో హెడ్డులోకి దిగుతోంది. పైభాగం ఆయిల్‌లో తడిస్తే వాల్వ్ కవర్ సీళ్ళు పోయాయి. సీలు మార్చకుండా ప్లగ్గు మార్చి పంపితే బండి మళ్ళీ అదే జబ్బుతో వస్తుంది.

ప్లగ్గూ కాయిలూ ఇంజెక్టరూ బాగుంటే కంప్రెషన్ గేజు తియ్యాలి. చాలా పెట్రోల్ ఇంజన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ దాకా వస్తుంది. ఆ అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. తక్కువ చూపిన దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, ఎందుకంటే ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గాస్కెట్ గానీ.

చిక్కేమిటంటే, ఇంత విచారణకీ బిల్లులో గడి ఉండదు. పాతిక వేల పార్టులు వేస్తే మాట్లాడకుండా కట్టేవాడు, గంటన్నర వెతికి ఒక్క కాయిల్ మార్చిన మెకానిక్‌ని “చూసినందుకు కూడా డబ్బులా?” అంటాడు. వెతికేవాడికి కూలి దక్కకపోతే వెతకడం మానేసి అతనూ సెట్లే రాసిస్తాడు. ఆ తప్పులో బండివాళ్ళ వాటా తక్కువేమీ కాదు.

బిగించడంలోనూ మెలకువ ఉంది. అల్యూమినియం హెడ్డు చల్లారాకే ప్లగ్గు విప్పాలి, లేకపోతే మరలు పోతాయి. కొత్త ప్లగ్గు తలకి జానెడు రబ్బరు పెట్రోల్ పైపు తొడిగి, గుంటలోకి దించి, వేళ్ళతో తిప్పాలి. మర వంకరగా పడితే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది, హెడ్డుకి గాయం కాదు. పానా పట్టేది ఆఖర్న, కంపెనీ చెప్పిన టార్క్‌కి మాత్రమే.

తర్వాత కోడ్ చెరిపి, జబ్బు ఏ పరిస్థితిలో కనబడిందో అదే పరిస్థితిలో ట్రయల్ వెయ్యాలి: మనుషుల్ని ఎక్కించి, ఏసీ వేసి, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదికి. స్కానర్ తగిలించే ఉంచితే సిలిండర్ వారీగా మిస్సింగ్ లెక్క తెరమీద కనిపిస్తుంది. నాలుగు గళ్ళలోనూ సున్నాలు కదలకపోతే తాళాలు ఇచ్చెయ్యొచ్చు. మూడో గడిలో అంకె కదిలిందా, షెడ్డుకి తిరిగొచ్చి ఇంజెక్టర్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలు.