ఒక తుపాకీ, ఐదు వృత్తులు

అగ్గిపెట్టె రాకముందు మన ఊళ్లలో నిప్పు చెకుముకి రాయిలో ఉండేది. ఉక్కు ముక్కతో కొడితే రాలిన రవ్వ దూదిలో పడి రాజుకునేది. ఆ రవ్వనే నమ్ముకుని ఇవాళ్టికీ తుపాకులు తయారుచేసుకునేవాళ్లు అమెరికాలో ఉన్నారు. యుద్ధానికి కాదు, సరదాకి. ఆ సరదా కోసం నెలల తరబడి సెలవు రోజులన్నీ ధారపోస్తారు. మూతి వైపు నుంచి మందూ గుండూ దట్టించి కాల్చే ఈ పాతకాలపు తుపాకీలో అంత ఏముంది? కాల్చడం సంగతి కాసేపు పక్కనపెట్టి, చేయడం సంగతి చూస్తే తెలుస్తుంది.

దీని పేరు లాంగ్ రైఫిల్. పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో స్థిరపడ్డ జర్మన్, స్విస్ పనివాళ్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. వాళ్ల స్వదేశంలో వేటకు వాడే యేగర్ రైఫిల్ పొట్టిగా, లావుగా ఉండేది. గొట్టం పొడవు సుమారు 30 అంగుళాలు. వారాల తరబడి అడవిలో తిరిగే అమెరికా వేటగాడికి వీపున మోసే సీసమూ మందూ చిటికెడు కూడా లెక్కే. అందుకే గొట్టం 42 అంగుళాలు, ఆ పైకి సాగింది. లోపలి రంధ్రం సన్నబడింది. 0.61 అంగుళాల గుండ్లయితే పౌను సీసంతో ఇరవై వస్తాయి. 0.44 అంగుళాలవైతే యాభైకి పైనే. ఆ నాజూకుతనం పొదుపులోంచి పుట్టింది. సొగసు తర్వాత వచ్చి చేరింది.

మన పల్లెల్లో పంచాణంవారంటే కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, రాతిపని చేసే కాసె. ఈ ఒక్క తుపాకీలో ఆ ఐదు పనులూ కలుస్తాయి.

మొదటిది కమ్మరి పని. బద్దలాంటి ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ వంచి, అంచులు కలిపి, కొలిమిలో కాల్చి, ఒక్కో కాపుకు కొద్ది అంగుళాల చొప్పున అతుకుతూ పోతారు. ఇనుము తెల్లగా వెలిగే వేడికి వస్తేనే అతుకు పడుతుంది. చల్లారితే పట్టదు, మితిమీరితే మాడిపోతుంది. ఆ క్షణాన్ని చెప్పే మీటరు ఏదీ లేదు, రంగును పోల్చుకునే కన్ను తప్ప. తర్వాత లోపల తొలిచి, బయట ఎనిమిది పలకలుగా ఆకురాయి పడతారు.

అసలు నేర్పు గొట్టం లోపలి మెలికల గాళ్లలో ఉంది. మెలితిరిగిన గాళ్లున్న పొడవాటి చెక్క దూలం వెనక నుంచి దారి చూపిస్తుంటే, కడ్డీ చివర బిగించిన చిన్న రంపపు పన్ను గొట్టంలో అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కో లాగుడుకు రాలేది వెంట్రుకంత పొట్టు. పన్ను ఇక కొరకడం మానేస్తే, దాని అడుగున ఓ సన్నటి కాగితం ముక్క పెట్టి పైకి లేపుతారు. ఇలా ఏడెనిమిది గాళ్లు. సాధారణంగా 48 అంగుళాలకు ఒక చుట్టు. గుండును రంధ్రం కన్నా కాస్త చిన్నదిగా పోసి, జిడ్డు పూసిన గుడ్డముక్కలో చుట్టి దట్టిస్తారు. గాళ్లను పట్టుకునేది ఆ గుడ్డే, గుండుకు తిరుగుడు ఇచ్చేదీ అదే. తిరుగుతున్నంతసేపూ బొంగరం పడిపోదు, తిరుగుతూ పోయే గుండు దారి తప్పదు.

రెండోది వడ్రంగి పని. అలలు తిరిగిన పోగుండే మేపుల్ చెక్కను ఎంచుకుంటారు. ఇనుము కరిగించిన నత్రికామ్లం దాని మీద పూసి, నిప్పు సెగ చూపిస్తే, లోపలి అలలు పులిచారల్లా ఎర్రగోధుమ రంగులో పైకి తేలతాయి. మూడోది కంచరి పని. మడమకు తొడిగే రేకునూ, వేలు పెట్టే చోటి కమానునూ ఇత్తడితో పోస్తారు. గుడ్డముక్కలు దాచుకునే చిన్న అరకు ఇత్తడి మూత బిగిస్తారు. నాలుగోది కంసాలి పని. వెండి బిళ్లలు చెక్కలో పొదిగి, లోహం మీద తీగలూ లతలూ చెక్కుతారు. ఏ ఊరి పనితనమో ఆ మూత ఆకారాన్ని బట్టి, చెక్కడపు తీరును బట్టి జాణలు పోల్చుకుంటారు.

ఐదోది రాయి. చెకుముకిని పలకలుగా కొట్టే పనివాళ్లు వేరే ఉండేవారు. ఇంగ్లండులో బ్రాండన్ ఊరు ఆ నల్లరాళ్లకే పేరు పడింది. రాయిని దవడల్లో కరుచుకున్న భాగానికి ఇంగ్లీషులో కాక్ అని, అంటే కోడిపుంజని పేరు. మీట నొక్కితే అది ముందుకు దూకి ఉక్కు పలకను పొడుస్తుంది. పలక వెనక్కి ఒరిగి కింది పళ్లెంలోని మందును తెరుస్తుంది. రవ్వలు అందులో రాలి మంట లేస్తుంది, పక్కనున్న చిన్న బెజ్జం గుండా ఆ మంట లోపలికి పాకుతుంది. పళ్లెంలోది మాత్రమే మండి లోపలిది అంటుకోకపోతే ఉత్త మెరుపే మిగులుతుంది. ఆర్భాటంగా మొదలై తుస్సుమన్న పనిని ఇంగ్లీషువాళ్లు ఫ్లాష్ ఇన్ ద పాన్ అనేది అందుకే.

మందు పోసుకునే కొమ్ము కథ వేరు. ఆవు కొమ్ము తడిని రానివ్వదు, రవ్వ పుట్టించదు. వెలుతురుకు పట్టుకుంటే మందు ఎంతవరకు ఉందో కనబడేంత పల్చగా గీకుతారు. అమెరికాలో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య 1754-63లో జరిగిన యుద్ధంలో సైనికులు తమ కొమ్ముల మీద కోటలూ నదులూ దారులూ చెక్కుకున్నారు. ఇవాళ అవి మ్యూజియాల్లో ఉన్నాయి.

ఈ తుపాకీకి లోపాలూ ఉన్నాయి. మామూలు సైనిక తుపాకీ కన్నా దట్టించడం ఆలస్యం, బాయ్‌నెట్ తగిలించడానికి వీలు లేదు. గురి మాత్రం దీనిదే. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో, 1777 నాటి సారటోగా యుద్ధంలో, డేనియల్ మోర్గన్ దళం ఆ సంగతి నిరూపించింది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీ తుపాకులు రావడంతో కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కొండప్రాంతాల్లో కొద్దిమంది ముసలి పనివాళ్లు మిగిలారు. 1931లో ఒహాయో రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లో పాత తుపాకులతో ఓ పోటీ జరిగింది. 1933లో ఇలాంటి తుపాకుల ప్రియుల జాతీయ సంఘం ఏర్పడింది. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు దానికి కేంద్రమైంది.

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో పద్దెనిమిదో శతాబ్దపు పట్టణాన్ని సజీవ ప్రదర్శనశాలగా నిలబెట్టారు. అక్కడ వాలెస్ గస్లర్ అనే పనివాడు గొట్టం నుంచి మరమేకు దాకా అన్నీ తన చేత్తోనే చేశాడు. పాతకాలపు పనివాళ్లు కూడా రవ్వ పుట్టించే తాళం భాగాన్ని తరచు ఇంగ్లండు నుంచి తెప్పించుకునేవారు. గస్లర్ ఆ వెసులుబాటు కూడా తీసుకోలేదు. ఆ పనినంతా 1969లో సినిమాగా తీశారు. పుస్తకంలో రాయలేని సుత్తి దెబ్బ అందులో కనబడుతుంది.

మన దగ్గర సంగతి మరొకటి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నాటు తుపాకీకైనా లైసెన్సు ఉండాలి. అది సరైనదే. వేటగాళ్ల చేతుల్లో అది చేస్తున్న చేటు మనకు తెలియనిది కాదు. ఈ వ్యాసం చెప్పదలచింది తుపాకీ గురించి కాదు, చేతి విద్య గురించి.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు వండేవారు. దాన్ని కొనుక్కుపోవడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. వోయిజీ అనే ఆంగ్లేయుడు ఆ పద్ధతిని చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఆ వర్ణన ఇప్పటికీ దొరుకుతుంది. ఉక్కు వండే చెయ్యి మాత్రం ఎప్పుడో తెగిపోయింది. తర్వాత ఆ ఉక్కును మళ్లీ చేయడానికి శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి కుస్తీ పట్టవలసి వచ్చింది. అమెరికావాళ్లు పుణ్యకాలం దాటకముందే మేల్కొన్నారు, మనం మేల్కోలేదు. తేడా అంతే.

మీ ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే, ఓ పూట వెళ్లి కూర్చోండి. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు సుత్తి ఎత్తుతాడో ఆ కమ్మరిని అడగండి. చెప్పలేకపోతే, చేస్తుండగా ఫోనులో పట్టుకోండి.