ఒలవని కాయ

వానలు ముఖం చాటేసిన ఒక ఆగస్టులో ఈ కాలమ్ రచయిత కళ్యాణదుర్గం దారిలో ఒక శనక్కాయ చేను ఫోటో తీశాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో రంగులు దిద్దాడు. ఎర్రనేలను ఇంకా ఎర్రగా చేశాడు. ఆకుపచ్చను పసుపు వైపు జరిపి వెలవెలబోయేలా చేశాడు. నీడల్ని మరింత నల్లబరిచాడు. కరువు కళ్లకు కట్టింది. ప్రింటు వేయించి, మరుసటి నెల అటు పోయినప్పుడు చేను పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన కాసేపు తేరిపార చూసి, "బాగుందప్పా. నా కందిసాళ్లు ఏమైనాయి?" అని అడిగాడు.

ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ పడాల్సిన రోజున పడదు. అందుకే ఇక్కడి రైతు శనక్కాయ మధ్య ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక కందిసాలు వేస్తాడు. ఊడలు దిగే వేళకు వాన తప్పితే శనక్కాయ పోతుంది. కంది మాత్రం లోతుకు వేరు దింపుకుని సెప్టెంబరు వానకోసం కాచుకుంటుంది. ఆ ఏడాది పెద్దాయనకు మిగిలిన ఆశ ఆ పచ్చటి గీతలే. ఫోటోలో కరువును పెంచే తొందరలో పోయినవీ అవే.

అదృష్టం కొద్దీ అవి దిద్దిన ఫోటోలోనే పోయాయి, కెమెరా తీసిన అసలు ఫైలులో పోలేదు.

శనక్కాయ వేసే ఇళ్లలో విత్తనం సంగతి ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. కాయ విడిపించి, ఎండబెట్టి, అమ్మేది అమ్మాక, వచ్చే కారుకు కావలసినంత తొక్కతోనే గోతాలకెత్తి ఒక మూల దాస్తారు. ఒలిచిన విత్తు ఎక్కువ కాలం నిలవదు, మొలక దెబ్బతింటుంది. తొలకరి పడి దుక్కి సిద్ధమయ్యాకనే గోతం మూతి విప్పుతారు. ఫోటోల పనిలో రా ఫైలు అలాంటి ఒలవని కాయ. జేపెగ్ ఒలిచిన విత్తు. వెంటనే వాడుకోవడానికి అదే వీలు, మళ్లీ విత్తుకోవడానికి మాత్రం పనికిరాదు.

కెమెరా లోపల జరిగేది ఇదీ. సెన్సర్ మీద లక్షల కొద్దీ చుక్కలుంటాయి. ఒక్కో చుక్క మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఏదో ఒకటే ఉంటుంది. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక అది. 14 బిట్ల కెమెరా ఒక్కో చుక్క దగ్గర వెలుగును 16,384 మెట్లలో కొలవగలదు. ఆ కొలతల్ని అలాగే దాచిపెడితే రా ఫైలు. కెమెరాయే రంగు, పదును, కాంట్రాస్ట్ నిర్ణయించి, ఒక్కో రంగుకు 256 మెట్లకు కుదించి, మిగతాది పారేస్తే జేపెగ్.

ఆ పారేసిన దాని విలువ తెలియాలంటే మిట్టమధ్యాహ్నం కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కిందికి పోవాలి. 19,107 చదరపు మీటర్లు పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. గొడుగు కింద చల్లటి చీకటి, బయట కళ్లు చెదిరే ఎండ. ఈ రచయిత అక్కడ తీసిన ఫోటో జేపెగ్‌లో ఆకాశం తెల్లకాగితం, ఊడలు బొగ్గు గీతలు. అదే ఫోటో రా ఫైలు తెరిచి నీడల్ని మెల్లగా లేపితే ఊడల మీది చెక్కు, బెరడు పగుళ్లలో చేరిన దుమ్ము, నేల మీది ఎండుటాకులు ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి. ఆకాశంలో కొంత నీలం కూడా దక్కింది. అంతా దక్కలేదు. సెన్సర్ నిండిన చోట వెలుగు చెరువు మరవ పారినట్టు పొర్లి పోతుంది. పొర్లిన నీళ్లు రా ఫైలులోనూ ఉండవు. అందుకే ఎండలో తీసేటప్పుడు కెమెరాలోకి వచ్చే వెలుగును కొంచెం తగ్గించి తీయడం మేలు.

ఇంత దిద్దినా రా ఫైలులో ఒక్క కొలత మారలేదు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లలో లైట్‌రూమ్ కానీ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ కానీ మూలాన్ని తాకవు. "నీడలు ఇంత లేపు, వేడి ఇంత తగ్గించు" అన్న ఆదేశాలను తమ కేటలాగ్‌లోనో, ఫైలు పక్కన ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైలులోనో రాసుకుంటాయి. రా ఫైలు పాతిక మెగాబైట్లుంటే ఈ చీటీ కొన్ని కిలోబైట్లు. లైట్‌రూమ్ చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, ఆ రోజు రచయిత ఏ స్లయిడర్‌ను ఎంత జరిపాడో అంకెలతో సహా కనిపిస్తుంది. ఆ ఆదేశాలు తుడిచేస్తే ఫోటో మళ్లీ మొదటికొస్తుంది.

పాత స్టూడియోల్లో ఈ వెసులుబాటు లేదు. టచప్ చేసేవాళ్లు సన్నటి పెన్సిల్‌తో నెగటివ్ మీదనే ముఖపు మచ్చలు పూడ్చేవారు, బ్లేడుతో గీకేవారు. చెయ్యి తప్పితే ఆ ముఖం అంతే. అయినా నెగటివ్ విలువ వాళ్లకు తెలుసు. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. ప్లేట్లు మిగిలాయి కాబట్టే ఈనాటికీ వాటినుంచి కొత్త ప్రింట్లు తీయగలుగుతున్నారు. సినిమాల సంగతీ అంతే. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చింది. రంగులు నచ్చనివాళ్లకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తీసిన నలుపు తెలుపు వెన్నెల ఇంకా ఉంది.

లేపాక్షిలో ఈ రచయితకు మరో పాఠం ఎదురైంది. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు 16వ శతాబ్దంలో కట్టించిన వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్లో కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చలదే రాజ్యం. లోపల వెలుగు మసక. మొదటిసారి తీసిన ఫోటోలకు అతను కంటికి ఇంపుగా ఉంటుందని బంగారు ఛాయ ఎక్కించాడు. ఆపైన రంగు సరిచూసే బూడిదరంగు కార్డు పెట్టి మరోసారి తీస్తే తేడా తెలిసింది. బొమ్మల్లో తెల్లగా ఉండాల్సిన పంచె అంచులు పాత ఫోటోల్లో పసుపు పారాయి. చిత్రకారుడు వేయని రంగును చూసేవాడు వేశాడన్నమాట. తెలుపును తెలుపుగా చూపే వైట్ బ్యాలెన్స్ రా ఫైలులో సూచన మాత్రమే, ముద్ర కాదు. కొత్త అంకెలు పాత ఫైళ్లకు అతికించగానే పంచెలు తెల్లబడ్డాయి.

పత్రికల లోకంలో అసలు ఫైలు సాక్ష్యం కూడా. గాజాలో ఒక అంతిమయాత్రను తీసిన పాల్ హాన్సెన్ చిత్రం మీద 2013లో అనుమానాలు వస్తే, వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ నిపుణుల చేత రా ఫైలు పరీక్షింపజేసి అది అసలైనదేనని తేల్చింది. ఆ సంస్థ నడిపే 2015 పోటీలో చివరికి ముందరి దశకు చేరిన చిత్రాల్లో ఐదో వంతు, అసలు ఫైళ్లతో పోల్చి చూశాక పక్కకు పోయాయి. అదే ఏడాది రాయిటర్స్ వార్తాసంస్థ దారి మరోలా ఉంది. రా నుంచి దిద్దిన ఫోటోలు వద్దు, కెమెరా ఇచ్చిన జేపెగ్‌లే పంపమని తన ఫ్రీలాన్సర్లకు చెప్పింది. దిద్దే చేతికి స్వేచ్ఛ ఎంతన్నది ఇంకా తెగని వాదం. అసలును దాచిపెట్టుకోవాలన్న దాంట్లో మాత్రం వాదం లేదు.

ఇప్పుడు ఈ రచయిత పద్ధతి మారింది. రెండు చోట్ల కాపీ చేరందే మెమరీ కార్డు ఫార్మాట్ చేయడు. ఒక హార్డ్‌డిస్క్ ఇంట్లో, ఇంకొకటి ధర్మవరంలో అక్క ఇంట్లో బీరువాలో. రా ఫైళ్లకు చదవడానికే తప్ప రాయడానికి వీలులేని తాళం. ప్రింటుకు పోయే జేపెగ్‌కు ఎప్పుడూ వేరే పేరు, దిద్దిన తేదీతో సహా. ఎక్స్ఎంపీ చీటీలు రా ఫైళ్లను అంటిపెట్టుకుని తిరుగుతాయి. ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ ప్రీసెట్‌లను పూర్తిగా మానలేదు, కానీ వేసిన ప్రతిసారీ ముందు వెనకలు పక్కపక్కన పెట్టి, ఏది మాయమైందో వెతుకుతాడు.

పెద్దాయన అడిగిన రాత్రి అతను ఆ రా ఫైలు మళ్లీ తెరిచి రీసెట్ నొక్కాడు. ఎరుపు దిగిపోయింది. చేను చప్పగా, దుమ్ము పట్టినట్టు కనిపించింది. వాడిపోయిన శనక్కాయ మధ్య సన్నగా, దూరందాకా ఆకుపచ్చ సాళ్లు లేచాయి. నీడల్ని కొద్దిగా లేపి, ఆకుపచ్చ జోలికి పోకుండా కొత్త ప్రింటు వేయించాడు.

దాన్ని తీసుకుపోయేసరికి కంది పూతకొచ్చింది. పెద్దాయన గట్టు మీద కూర్చుని, చేతులు పంచెకు తుడుచుకుని ప్రింటు అందుకున్నాడు. చూపుడు వేలు ఒక అంచున పెట్టి, పెదాలు కదుపుతూ సాళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది దాకా వచ్చి ఆగి, ఫోటోలో పడని పదో సాలు ఎక్కడుందో చేనువైపు చెయ్యెత్తి చూపించాడు.