పేరులేని ఇరవై ఒక్కరు

డిటెక్టివ్ నవలను మన బడులు గడప లోపలికి రానివ్వలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని మనం అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని దొంగచాటుగా చదివాం. అమెరికాలో సంగతి వేరు. అగాథా క్రిస్టీ రాసిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్' అక్కడ చాలా హైస్కూళ్ళలో సాహిత్య పాఠం. పుస్తకమంటే విసుక్కునే పిల్లల్ని కూడా చివరి పేజీ దాకా లాక్కుపోయే నవల అది. కనక పాఠంగా పెట్టడం మంచిదే. మా పేచీ నవలతో కాదు, చెప్పే తీరుతో.

ఇంగ్లండులో డెవన్ తీరానికి దగ్గర్లో ఒక దీవి. అక్కడికి పదిమంది చేరతారు. పిలిచినవాడు కనిపించడు. రాత్రి భోజనాలయ్యాక ఒక గ్రామఫోన్ రికార్డు మోగుతుంది. ఒక్కొక్కరి పేరూ చదివి, ఫలానావాళ్ళ చావుకి నువ్వే కారణం అంటుంది. ఆ తర్వాత గదుల్లో వేలాడదీసిన పిల్లల పాట వరసలోనే ఒక్కొక్కరూ చచ్చిపోతుంటారు. హంతకుడు ఆ పదిమందిలోనే ఉన్నాడు. క్లాసులో పిల్లలు అనుమానితుల పట్టిక గీస్తారు. ఆధారాలు రాసుకుంటారు. అధ్యాయం మారినప్పుడల్లా ఊహ మార్చుకుంటారు.

చివరికి హంతకుడు జడ్జి వార్‌గ్రేవ్ అని తేలుతుంది. న్యాయపీఠం మీద కూర్చున్నవాణ్ణి అనుమానించడానికి మనసొప్పదు. ఆ ఒప్పకపోవడం మీదే క్రిస్టీ కథ కట్టింది. 'ముందు ఎవర్ని అనుమానించావు? ఎందుకు?' అని టీచరు అడిగితే చాలు, సస్పెన్స్ పాఠం కాస్తా మన పక్షపాతాల పాఠమవుతుంది. పేరు వినగానే ఎదుటివాడి చూపు మారడం ఎరిగిన మనకి ఆ ప్రశ్న విలువ వేరే చెప్పాలా?

కానీ ఈ నవలకి ఇంకో చరిత్ర ఉంది. 1939లో బ్రిటన్‌లో అచ్చయినప్పుడు నల్లవాళ్ళను కించపరిచే తిట్టుమాటే దాని పేరులో ఉంది. దీవి పేరులోనూ, పాటలోనూ అదే మాట. 1940లో అమెరికా ప్రచురణకర్తలు పేరు మార్చారు. అయినా తర్వాత కొన్ని ప్రచురణల్లో ఆ మాట స్థానంలో అమెరికా మూలవాసులు వచ్చి కూర్చున్నారు. బ్రిటన్ పాత పేరు వదులుకోడానికి 1985 దాకా పట్టింది. ఫ్రెంచి అనువాదం పేరు మారింది 2020లో. ఇప్పటి ప్రతుల్లో అది సైనికుల దీవి. ఈ మార్పు న్యాయమైనదే. తన జాతిని తిట్టే మాటని అట్ట మీద మోసుకుంటూ ఏ పిల్లా బడికి వెళ్ళనక్కర్లేదు. అయితే మాట తుడిస్తే చూపు కూడా తుడుచుకుపోతుందా?

గ్రామఫోన్ చదివిన జాబితా మళ్ళీ చూడండి. చనిపోయినవాళ్ళలో తొమ్మిదిమందికి పేర్లున్నాయి. ఉరికంబమెక్కిన ఎడ్వర్డ్ సీటన్‌కి ఉంది, పనిపిల్ల బియాట్రిస్ టేలర్‌కి ఉంది, నీళ్ళలో మునిగిన కుర్రాడు సిరిల్‌కి ఉంది. ఫిలిప్ లాంబర్డ్ తిండి తీసుకుని పారిపోతే అడవిలో చనిపోయినవాళ్ళకి మాత్రం పేర్లు లేవు. తూర్పు ఆఫ్రికా తెగవాళ్ళు ఇరవై ఒక్కమంది, అంతే. మిగతా చావులన్నీ కలిపినా ఆ లెక్కలో సగం లేవు. లాంబర్డ్ దాచుకోడు కూడా. చావంటే వాళ్ళకి మనకున్నంత పట్టింపు ఉండదంటాడు. వాళ్ళు స్థానికులే కదా అని వేరా సర్దబోతుంది. నల్లవాళ్ళయినా తెల్లవాళ్ళయినా మన సోదరులేనని ఎమిలీ బ్రెంట్ కసురుతుంది. గర్భవతి అయిన పనిపిల్లని ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి ఆమె! ఆ మాట విని వేరాకి నవ్వొస్తుంది. క్లాసు ఆగవలసిన పేజీ ఇది. హంతకుడి కోసం పరుగెత్తే క్లాసు ఇక్కడ ఆగదు. 1943లో క్రిస్టీ తానే నాటకంగా మలిచినప్పుడు లాంబర్డ్ నిర్దోషిగా మారి, వేరాతో పాటు ప్రాణాలతో బయటపడ్డాడు.

మోరిస్ సంగతీ ఇంతే. దీవి ఏర్పాట్లన్నీ చూసిన ఈ దళారీని మొదటి ప్రతి యూదుడిగా, వెక్కిరింతతో చూపించింది. హిట్లర్ యూదుల్ని వేటాడుతున్న కాలమది. తర్వాతి ప్రతులు ఆ వెక్కిరింతని పలచబరిచాయి. జడ్జి లెక్కలో పదో బలి మోరిస్. అయినా అతను దీవి మీదికి రాడు గనక పిల్లల పట్టికలోకీ రాడు.

సస్పెన్స్ అంటే ఎవరు చంపారన్న ఆత్రం ఒక్కటే కాదు. ఎవరి చావుకి మనం గుండె బిగబట్టుకుంటాం, ఎవరి చావుని అంకెగా దాటేస్తాం అన్నది కూడా. టీచరు ఆ నవలను మానెయ్యనక్కర్లేదు. పాత పేరు వెనక చరిత్ర చెప్పాలి. అనుమానితుల పట్టిక పక్కనే చనిపోయినవాళ్ళ పట్టిక కూడా రాయించాలి. అందులో ఇరవై ఒక్క గళ్ళు ఖాళీగా మిగులుతాయి. ఎందుకు ఖాళీ అని పిల్లలే అడుగుతారు.