ఆడి తప్పిన వీరుడితో ఆట

సూరత్‌లో 1833లో పుట్టిన గుజరాతీ కవి నర్మద్, 1858 నవంబరు 23న బొంబాయిలో పంతులు ఉద్యోగం వదిలేశాడు. ఇకమీదట కలాన్నే నమ్ముకుని బతుకుతానని ప్రతిన పట్టాడు. అప్పులు చేస్తూనే ఇరవై నాలుగేళ్లు మాట నిలుపుకున్నాడు. చివరికి ఇల్లు గడవక 1882లో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో కొలువుకు చేరాడు. 1886లో కన్నుమూశాడు. మగ్గాల పనికి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ తెలంగాణ కుటుంబాల పిల్లలకూ ఆ పేరు సుపరిచితమే. ఆ ఊరి విశ్వవిద్యాలయం వీర్ నర్మద్ పేరు మీదే ఉంది. మాట తప్పాక కూడా ఆయన వీరుడిగానే నిలిచాడు.

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటల్లో ఇలాంటి ఘట్టం తరచూ వస్తుంది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి మరుసటి ఏడాదే పాలడిన్ అనే యోధుడు చేరాడు. ధర్మానికి కట్టుబడి ఉన్నంతకాలమే అతనికి దైవబలం. 1978 నాటి నియమాలు చాలా కఠినం: తెలిసి, కావాలని చెడ్డపని చేస్తే ఆ బలం తిరిగిరాదు, మామూలు యోధుడిగా మిగిలిపోవాల్సిందే. ఆ కాఠిన్యం ఆటకు మేలు చేయలేదని నా అభిప్రాయం. ఎటు అడుగేసినా ప్రతిన భంగమయ్యే ఉచ్చులు పన్నడం ఆట నడిపేవాళ్లకు తేలికైపోయింది. 2014 పుస్తకం దారి మార్చింది. తప్పు ఒప్పుకుని, ఉపవాసమో రాత్రంతా జాగరణతో ప్రార్థనో చేసి, క్షమాపణ పొందితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఒట్టు తీసి గట్టున పెట్టి, పశ్చాత్తాపం కూడా లేనివాడికి మాత్రం వేరే దారి చూపించింది.

మాట తప్పినవాడికి తగిన శిక్షకు మనకు తెలిసిన మంచి నమూనా ద్రోణపర్వంలో ఉంది. అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుడు నమ్మేలా ధర్మరాజు మాట్లాడాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల పైన నడిచిన అతని రథం కిందికి దిగింది. ఆట నడిపేవాళ్లు ఆ శిక్షను జాగ్రత్తగా గమనించాలి. అది అందరి కళ్లకూ కనబడింది. చేసిన తప్పుకు తగినంతే ఉంది. రథం ఆగలేదు, యుద్ధమూ ఆగలేదు, ధర్మరాజు కథలో ఉన్నాడు.

బల్ల దగ్గర ఇదెలా చేయాలి? అబద్ధమాడనని ప్రతిన పట్టిన యోధుడి ఇంట్లో ఒక పిల్లవాడు దాక్కున్నాడనుకుందాం. గుమ్మంలో రాజభటులు. ఆటగాడు నోరు తెరవబోతుంటే నడిపేవాడు ఒక్క క్షణం ఆపాలి: “అన్నా, ఇక్కడ అబద్ధమాడితే నీ కత్తి వెలుగు ఆరిపోతుంది. అయినా చెబుతావా?” వెల ముందే తెలిశాక ఆటగాడు “చెబుతాను” అంటే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబడతారు. ఆ నిర్ణయం అతనిది. అదే, ముందు చెప్పకుండా తర్వాత శక్తులు లాక్కుంటే మిగిలేది వాదులాటే.

వెలుగు ఆరిన కత్తితోనే తర్వాతి కథ రావాలి. దాచిన పిల్లవాణ్ణి సరిహద్దు దాటించడమే అతని ప్రాయశ్చిత్తం కావచ్చు. అతని గురువు క్షమించకపోవచ్చు. ఆ పాత ప్రతినే తప్పని తేల్చుకుని అతను కొత్తది పట్టవచ్చు. నాకు ఇష్టమైన దారి ఇదే, ఎందుకంటే ఇందులో పాత్ర ఎదుగుతుంది. దురాశకో భయానికో మాట తప్పినవాడికి ఇంత వెసులుబాటు ఇవ్వకూడదు. కారణాన్ని బట్టే వెల.

కొత్తగా ఆట నడపబోతున్న మిత్రులకు ఒక మనవి. మొదటి రోజే ప్రతి ఆటగాడి చేతా పాత్ర కాగితం మీద మూడు విషయాలు రాయించండి: ఏం ప్రతిన పట్టాడు, ఎవరి ముందు పట్టాడు, ఎవరి కోసమైతే దాన్ని వదులుకుంటాడు. మూడోది రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది. తొందరపెట్టకండి.